ఎండిన నేల మీద గువ్వల వేట

కంకణపుర రాజ్యంలో వాన పడి మూడేళ్ళయింది. ముందు చెరువుల్లో నీళ్ళు పోయాయి. తరవాత చేపలు పోయాయి. చేపల వెనక కొంగలు, కొంగల వెనక జాలరులు మూటలు కట్టుకుని పోయారు. రాజ్యం వదిలి కదలనిది ఒక్కటే మిగిలింది: ఏటేటా ఇదే మాసంలో యువరాజు మణికేతువుకి పుట్టే గువ్వల వేట సరదా.

ఆ ఏటి వేట సంగతి తేల్చడానికి చంద్రకాంత మందిరంలో సభ కూడింది. ఆ మందిరం శోభ చూసి తీరాలి. పచ్చలు తాపిన స్తంభాలు, కిటికీలకు ముత్యాల తెరలు, పన్నీరు చిమ్మే బంగారు ఏనుగు తొండాలు, నడిమధ్య పాలరాతి కొలను, ఆ కొలనులో యువరాజు పాదాలు. కోట గోడకు అవతల గుక్కెడు నీటికోసం మనుషులు జుట్లు పట్టుకుంటున్నారు. ఇవతల ఆ పాదాలు పొద్దుటి నుంచీ నానుతున్నాయి.

పాదాలకు ఇరువైపులా ప్రాణమిత్రులు కూర్చున్నారు. సేనాపతి కొడుకు పేరు వజ్రబాహువు, బాహువులు మాత్రం జొన్నదంట్లు. మంత్రి కొడుకు లలితవర్మ పుట్టి బుద్ధెరిగాక ఒక్కటే పిట్టను కొట్టాడు, అది పంజరంలో ఉన్న పిట్ట. ముగ్గురూ ఏడాదికోసారి వేటకు పోతారు. పోయి వచ్చాక మిగిలిన ఏడాదంతా ఆ వేటను గురించి చెప్పుకుంటారు.

మొదటి జామంతా తలపాగాల రంగు మీద నడిచింది.

"ఆకుపచ్చవి కడదాం మిత్రమా," అన్నాడు లలితవర్మ. "గువ్వలు మనల్ని చెట్లనుకుని భుజాల మీదే వాలతాయి."

"ఆహా! ఏమి యుక్తి!" అన్నాడు యువరాజు.

రాజ్యంలో ఆకుపచ్చ చెట్టన్నది మిగల్లేదన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. రెండో జాము గువ్వ మాంసంలోకి చింతచిగురు బాగుంటుందా, మామిడి అల్లం బాగుంటుందా అన్న వాదులో పోయింది. మూడో జాములో భేరీల మాట వచ్చింది.

"నేను కొట్టిన ప్రతి గువ్వకూ ఒక భేరి మోగాలి. ముప్ఫై భేరీలు చాలునా?" అన్నాడు యువరాజు.

"కొట్టాక మోగించడం ఎందుకు, కొట్టకముందే మోగిద్దాం. చచ్చే గువ్వకు కూడా గౌరవంగా ఉంటుంది," అన్నాడు వజ్రబాహువు.

అందరూ మెచ్చుకున్నారు. ఇంతసేపూ స్తంభం నీడలో కూర్చున్న ఒక మనిషి అప్పుడు గొంతు సవరించుకున్నాడు.

"గువ్వలు ఎక్కడున్నాయి యువరాజా?"

ఆ ప్రశ్న మూడు జాముల్లోనూ ఎవరి నోటా రాలేదు.

అడిగినవాడు ఆస్థాన మాంత్రికుడు ధూమజటి. పొగ రంగు జడలు మోకాళ్ళ దాకా వేలాడుతుంటాయి, ఒళ్ళంతా బూడిద. వాన తెప్పిస్తానని రాజుగారికి మాటిచ్చి మూడేళ్ళుగా హోమాలు చేస్తున్నాడు. ఇప్పుడు మూడు రోజులుగా ఉపవాసం కూడా పట్టాడు. వాన తేవడం తన వల్ల కాదని వాడికి మొదటి ఏడే తెలిసిపోయింది. అప్పటి నుంచి వాడి పని వేరు. ఎక్కడ ఊట కనిపిస్తే అక్కడ శిష్యులను కాపు పెట్టి, కాళ్ళకు మొక్కినవాడికే చెంబెడు నీళ్ళు పోయిస్తున్నాడు. ఒక్క ఊరు మాత్రం వాడికి మొక్కడానికి రాలేదు. ఈదులమిట్ట. మొక్కకుండా ఆ ఊరు ఎలా బతుకుతోందన్నది వాడి గుండెల్లో ముల్లు.

"ఈదులమిట్ట పిట్టలవాడు చౌడప్పను పిలిపించండి. వేటకు దారి చూపడం వాడి వంశం పని కదా," అన్నాడు ధూమజటి తియ్యగా.

చౌడప్ప వచ్చాడు. ముప్ఫై ఏళ్ళ వాడు, ఎండకు మాడిన మొహం, భుజాన వల, చేతిలో పొడుగాటి వెదురు గెడ. నాలుగు మాటలు అడిగితే ఒక మాట చెప్పే మనిషి.

"ఏమిరా పిట్టలోడా, ఈ ఏడు గువ్వలు ఉన్నాయా?" అన్నాడు యువరాజు.

"ఉన్నాయి దొరా."

"ఎక్కడరా?"

"పైన."

మిత్రులు పకపకా నవ్వారు. ధూమజటి నవ్వలేదు.

"గువ్వ గింజ తినే పక్షి. పొద్దునా సాయంత్రం నీళ్ళు తాగకపోతే బతకదు. మూడేళ్ళ నుంచి బతికుందంటే ఎక్కడో తాగుతోంది. ఎక్కడ నాయనా?"

నిజానికి గువ్వలు తాగేది వాలుగుట్టలో, రెండు బండల నడుమ ఉన్న దొనలో. దూరం నుంచి చూస్తే వేలెడు సందు, దగ్గరికి పోతే మనిషి దూరేంత నోరు. లోపల మనిషి లోతు నీళ్ళు. ఈదులమిట్టలో నూట ఇరవై మంది ఆ దొన మీదే బతుకుతున్నారు. ధూమజటికి అది తెలిసిన మరునాడే అక్కడ శిష్యులు కూర్చుంటారు.

చౌడప్ప కొలను గట్టు వైపు చూశాడు. గట్టు మీద కాకి రెట్టలు ఎండి ఉన్నాయి.

"ఇక్కడే స్వామీ. యువరాజులవారి కొలను మీద. రెట్టలు చూళ్ళేదా?"

మణికేతువు కొలనులోంచి కాళ్ళు తీసి నించున్నాడు. "నా కొలనులోనా! నా నీళ్ళు తాగుతూ నాకే దొరకవా?"

"ఈ నీళ్ళ రుచి మరిగాయి దొరా. ఇవే మోయించి తూర్పు బయలు రాతి తొట్టిలో పోయిస్తే వాటంతటవే వాలతాయి. మా తాతల నాటి తొట్టి వేట అది. చుట్టూ పొంచి ఉండి కొట్టుకోడమే."

"ఎన్ని నీళ్ళు కావాలి?"

"నలభై తిత్తులు."

వజ్రబాహువు మొహం మాడింది. "అన్ని తోలు తిత్తులు నింపితే రేపు మన జలక్రీడ మాటేమిటి?"

"వేట కోసం ఒక పూట మానుకుందాం," అన్నాడు యువరాజు. ఆ త్యాగానికి లలితవర్మ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

భేరీల సంగతి చౌడప్పకు ఎవరూ చెప్పలేదు.

పొద్దు వాలుతుండగా అతను వాలుగుట్ట ఎక్కేసరికి అక్క ఈరమ్మ దొన నోటి దగ్గర కూర్చుని, కొబ్బరి చిప్పతో కుండల్లోకి నీళ్ళు కొలిచి పోస్తోంది. మనిషికి మూడు చిప్పలు. తన తల్లికైనా నాలుగో చిప్ప పోయని మనిషి ఆమె. చౌడప్ప జరిగింది చెప్పాడు.

"వాళ్ళ నీళ్ళు వాళ్ళ చేతే మోయిస్తావా! మోస్తార్రా ఆ దొరబిడ్డలు?"

"మోసేవి ఎద్దులక్కా."

"మరి ఆలోచించింది కూడా ఎద్దులే అయ్యుంటాయిలే. గువ్వలు తొట్టి కాదని ఇక్కడికే వస్తే?"

"రావు. దగ్గర్లో నీళ్ళు మెరిస్తే దూరం పోవు. ఎర గువ్వను కూడా కడతా. దాన్ని చూసి దిగుతాయి."

"అంత ధీమాగా ఉన్నవాడివి గోళ్ళెందుకు కొరుకుతున్నావు?"

చౌడప్ప చెయ్యి దించాడు. "మిగతా వాళ్ళు గువ్వను చూస్తారక్కా. ఆ జడలోడు గువ్వ పోయే దిక్కు చూస్తాడు."

మరునాడు మధ్యాహ్నం వేట బయలుదేరింది. ముందు ఏనుగు మీద యువరాజు, వెనక పల్లకీల్లో మిత్రులు, వాళ్ళ చుట్టూ గుర్రాల మీద వంద మంది బంట్లు, ఆ వెనక పరుపులూ పానకం కావిళ్ళూ. ఎవరైనా అలిసిపోతే ఊగడానికి ఉయ్యాల ఒకటి విడిగా వచ్చింది. ఎక్కడానికి యువరాజుకు ముచ్చట పుడితే ఉండాలని జీను వేసిన తెల్లగుర్రం కూడా వచ్చింది. అన్నిటికన్నా చివర నలభై తిత్తుల నీళ్ళు మోస్తూ ఎద్దులు నడిచాయి. దారి పొడుగునా జనం ఆ తిత్తులకేసి చూస్తూ నించున్నారు. ఒక తిత్తి కుట్టులోంచి బొట్టు బొట్టుగా కారుతోంది. ఒక ముసలామె ఎద్దు పక్కనే నడుస్తూ కారే చోట దోసిలి పట్టింది. వజ్రబాహువు పల్లకీలోంచి వంగి, విల్లు కొసతో ఆ దోసిలిని చెదరగొట్టాడు.

"గువ్వల నీళ్ళే అవి! సిగ్గు లేదూ!"

ముసలామె తడిసిన అరచేతులు మొహానికి రాసుకుని పక్కకు తప్పుకుంది.

తూర్పు బయలంటే పేరుకు బయలు. నెర్రెలు చీలిన మట్టి, తలలు మాడిన తుమ్మకంపలు, నడుమ ఏనుగు పడుకునేంత రాతి తొట్టి. నలభై తిత్తులూ అందులో గుమ్మరించారు. తాగడానికి ఒక్కటి మిగల్చమని ఒక బంటు అడిగితే, పానకం ఉంది కదా అని లలితవర్మ విసుక్కున్నాడు. ఆ పానకం వాళ్ళు ముగ్గురే అప్పటికి సగం తాగేశారు.

చౌడప్ప తొట్టికి కొంచెం దూరంలో ఒక పుల్ల పాతి, ఎర గువ్వను కాలికి దారం కట్టి దాని మీద కూర్చోబెట్టాడు. ఎరను ఎత్తుకుపోయే పక్షులుంటాయి కనక, దాని వెనక పొగ లాంటి సన్నటి వలను రెండు కర్రలకు తేలిగ్గా తగిలించాడు. లేచి చూస్తే ఎదురుగా వరసగా ముప్ఫై భేరీలు.

"ఇవెందుకు దొరా?"

"గువ్వకు గౌరవం కోసంరా," అన్నాడు యువరాజు.

"మోగితే గువ్వ వాలదు దొరా."

"నువ్వా మాకు చెప్పేది?" అన్నాడు వజ్రబాహువు. "మా తండ్రి ఏడు యుద్ధాలు భేరీలు మోగించే గెలిచాడు."

"ఆ శత్రువులకు రెక్కలు లేవు దొరా," అన్నాడు చౌడప్ప. ఇంకా ఏదో అనబోతే బంట్లు అతన్ని వెనక్కి నెట్టారు.

పొద్దు ఎర్రబడింది. పడమటి నుంచి మొదట పది చుక్కలు కనిపించాయి, వాటి వెనక వంద, ఆ వెనక లెక్కకందనన్ని. బూడిద రంగు రెక్కలు, అడుగున గులాబి పొట్టలు, మెడ చుట్టూ నల్లపూసల పేటలు. దాహం మీదున్న గువ్వ తిన్నగా, కిందుగా, రాయి విసిరినట్టు వస్తుంది. తొట్టిలో నీళ్ళు మెరిశాయి. ఎర గువ్వ రెక్కలు విదిల్చింది. గుంపు మొత్తం ఒక్కసారి తల వంచి దిగబోయింది.

ముప్ఫై భేరీలూ ఒక్కసారి మోగాయి.

నేల అదిరింది, తొట్టిలో నీళ్ళు వణికాయి. ఏనుగు బెదిరి ఉయ్యాలను తొక్కేసింది. లలితవర్మ వదిలిన బాణం భేరీ పొట్టలో దిగింది. యువరాజు బాణం తొట్టిలో పడి తేలింది. వజ్రబాహువు అసలు బాణం సంధించడమే మరిచిపోయి చెవులు మూసుకున్నాడు. గువ్వలు ఆకాశంలో ఒక్క చుట్టు చుట్టి, వాయవ్యానికి తిరిగి, గీత గీసినట్టు వాలుగుట్ట దిక్కుకు పోయాయి.

"పిరికి పక్షులు. ఇళ్ళకు పోయాయి," అన్నాడు యువరాజు.

ఆ గీతను ఒక్కడే చదివాడు. ధూమజటి తుమ్మకంపల వెనకకు నడిచి, బూడిద నోట్లో వేసుకుని, పెదవులు కదిపాడు. చౌడప్ప చూస్తుండగానే జడలు ఈకలయ్యాయి, ముక్కు వంకర తిరిగింది, గోళ్ళు కొక్కేలయ్యాయి. తెల్లటి డేగ ఒకటి కంపల మీంచి లేచింది. గువ్వల వెనకే పోయి దొన నోరు కళ్ళారా చూడాలని వాడి ఎత్తు.

మంత్రం తెలిసినవాడే గానీ డేగ ఆకలి తెలిసినవాడు కాదు. డేగ రూపం ఎత్తినవాడికి డేగ కడుపు కూడా వస్తుంది. అందులోనూ నాలుగు రోజుల ఉపవాసం. ఇన్ని తెలిసిన ధూమజటి, పిట్టలు పట్టి బతికేవాడి కళ్ళ ముందు పిట్టగా మారాడు.

చౌడప్ప నేల మీద బోర్లా పడి ఎర దారం లాగాడు. గువ్వ పుల్ల మీంచి తూలి, రెక్క విరిగినదానిలా తపతపలాడింది. పైన డేగ వాయవ్యానికి రెండు బారలు పోయింది. తల తిప్పింది. మళ్ళీ ముందుకు పోయింది. మళ్ళీ తల తిప్పింది. చౌడప్ప ఊపిరి బిగబట్టి ఇంకోసారి లాగాడు.

డేగ రెక్కలు ముడిచి పిడుగులా పడింది. వల కర్రల మీంచి జారి దాన్ని నిండా చుట్టేసింది. ఎర గువ్వ ఒక ఈక పోగొట్టుకుని పక్కకు గెంతింది.

వలలోంచి బొంగురు గొంతు లేచింది. "చౌడప్పా! నేన్రా! నన్నే..."

"తెలుసు స్వామీ," అన్నాడు చౌడప్ప. ముక్కు రెండు కొసలూ కలిపి దారంతో ముడేశాడు. గోళ్ళు కలిపి కట్టాడు. నోరు కదలందే మంత్రం లేదు, మంత్రం లేందే మనిషి రూపం లేదు. డేగను గోనె సంచీలోకి దూర్చి లేవబోతుంటే ఎదురుగా బంగారు చెప్పులు కనిపించాయి.

"ఏదీ, చూడనీ," అన్నాడు మణికేతువు.

చూసి మురిసిపోయాడు. ముక్కుకు దారమేమిటని అడగనైనా లేదు. తెల్ల డేగ ఏ రాజు దగ్గరా లేదు. "ఇది నాది. తెచ్చి నా ముంజేతి మీద పెట్టు. ఇప్పుడే ఆ గువ్వలు పోయిన దారిన వదులుదాం. ఇది గువ్వలను చూపిస్తుంది, మనం దీని వెనకే పోదాం. అందరూ గుర్రాలెక్కండి!"

పుట్టిన తరవాత యువరాజుకు వచ్చిన మొదటి తెలివైన ఆలోచన అది. రాకూడని వేళ వచ్చింది.

"కొత్త డేగ దొరా. నలభై రోజులు చీకట్లో పెట్టి మచ్చిక చెయ్యాలి."

"నలభై క్షణాలు కూడా ఆగను."

"అవునుగానీ మిత్రమా, స్వామివారేరీ?" అన్నాడు లలితవర్మ చుట్టూ చూస్తూ.

"సంధ్య వార్చడానికి పోయుంటారులే. ఆయన వస్తే మన డేగను చూసి కుళ్ళుకుంటారు," అన్నాడు వజ్రబాహువు.

సంచీ చౌడప్ప చేతిలో గిజగిజలాడింది. ఇస్తే డేగ దొన దగ్గరికి పోతుంది, వెనక వంద గుర్రాలు పోతాయి. అసలు సంగతి చెబితే ముడి విప్పి స్వామికి సాష్టాంగపడతారు. ఈ ముగ్గురికీ నిజం చెప్పి బాగుపడినవాణ్ణి చౌడప్ప ఎరగడు.

"చిత్తం దొరా," అన్నాడు. అని, సంచీ భుజానికి తగిలించుకుని, యువరాజు తెల్లగుర్రం మీదికి ఒక్క గంతు వేశాడు. వాయవ్యానికి వీపు పెట్టి, దక్షిణాన ఉప్పుబయలు వైపుకు మడమలు బిగించాడు.

"నా డేగ!" అని ఒక కేక వినిపించింది. "నా గుర్రం!" అని ఇంకో కేక.

వంద గుర్రాలు వెనక పడ్డాయి. బాణాలు అటూ ఇటూ పోయాయి. గురి చూసి కొట్టినవన్నీ దూరంగా పడ్డాయి. గురి చూడనిది ఒకటి చౌడప్ప చెవి తమ్మెను చీల్చుకుపోయింది. వాగు కోతను గుర్రం దాటింది, వెనక ముగ్గురు బంట్లు అందులో కూలారు. అయినా వేట ఆగలేదు. గువ్వలు దొరకని కోపమంతా యువరాజు ఆ కాసేపటికి చౌడప్ప మీదికి మళ్ళించాడు. తొట్టిలో పోసిన నీళ్ళు వెనకే ఉండిపోయాయి. ఉప్పుబయలులో చుక్క దొరకదు. గుక్కెడు నీళ్ళు లేకుండా వంద మందిని తోలుకుపోతున్నాడు వజ్రబాహువు, అదీ తన దేశంలోకెల్లా ఎండిన నేల మీదికి. యుద్ధవిద్యలో తండ్రికి తగిన కొడుకు.

దిబ్బ ఎక్కగానే చౌడప్ప ఒక్కసారి వెనక్కి చూశాడు. దూరంగా వాలుగుట్ట మీద గువ్వలు లేస్తున్నాయి. వచ్చేటప్పటి తిన్నటి వేగం లేదు. బరువుగా, నెమ్మదిగా, గుంపులు విడిపోయి ఎటు తోస్తే అటు పోతున్నాయి. నీళ్ళు తాగిన గువ్వ అలాగే ఎగురుతుంది. వాటిని చూస్తున్నవాడు ఇప్పుడు రాజ్యంలో అతనొక్కడే.

అప్పుడు సంచీలోంచి మాట వినిపించింది. గుర్రం కుదుపుకు దారం జారింది.

"చౌడప్పా, వదిలెయ్. మీ ఊరికి వాన తెప్పిస్తా."

"మూడేళ్ళు తెప్పించావుగా స్వామీ."

"మూర్ఖుడా! ఆ ఊట నీ తాత తవ్వాడా?"

"గువ్వలు చూపించాయి."

సంచీలో మెల్లగా మంత్రం మొదలైంది. ఒక్కో అక్షరానికీ సంచీ బరువెక్కింది. కోడి బరువు మేక బరువైంది, మేక బరువు దూడ బరువైంది. గుర్రం ముందుకాళ్ళు తడబడ్డాయి. గోనె కుట్లు పటపటా తెగి, సందులోంచి బూడిద పూసిన చెయ్యి బయటికి వచ్చింది. వేళ్ళు మనిషివి, గోళ్ళు ఇంకా డేగవి. ఆ చెయ్యి వెనక నుంచి చౌడప్ప గొంతు వెతుక్కుంటోంది.

సంచీ జారవిడిస్తే గుర్రం తేలికవుతుంది, ప్రాణం దక్కుతుంది. కానీ ధూమజటి లేచి వాయవ్యం దారి పడతాడు.

ఎదురుగా ఉప్పుబయలు అంచు, నిలువునా తెగిన తెల్లటి లోయ. అడుగున ఏముందో పొద్దువాలు వెలుగులో కనిపించలేదు. వెనక గుర్రాల డెక్కలు దగ్గరయ్యాయి. చౌడప్ప కళ్ళెం వదిలేశాడు. వెనక్కి తిరిగి, చిరిగిన గోనెలోంచి సగం బయటపడ్డ మాంత్రికుడి నడుం రెండు చేతులా పట్టుకుని, జడలు మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాడు.

"గట్టిగా పట్టుకో స్వామీ," అన్నాడు. గుర్రం అంచు మీంచి గాలిలోకి లేచింది.